బొమ్మ కింద పేరు

(అంబేద్కర్ జయంతి సందర్భంగా కోల్‌కతాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు మిత్రులు ముందే ఒక షరతు పెట్టారు. "రీసెర్చ్ గురించి వద్దు, అది మేమూ చేస్తున్నాం. నీ బొమ్మల గురించి చెప్పు" అన్నారు. ఆ బొమ్మలు ఎక్కడి నుంచి వస్తాయి, వాటిని ఎలా వేస్తాను అన్నవే వాళ్ల ప్రశ్నలు. అడిగినంత తేలికగా జవాబు చెప్పలేను కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

నేను ఆర్టిస్టుని కాను. ఏ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ గుమ్మమూ తొక్కలేదు. గుంటూరు వైపు మిరప కోతలకు వలస వచ్చే ఆడకూలీల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. నా చదువు ఇక్కడ, నా ఫీల్డ్ అక్కడ. నోట్స్ రాసుకునే పుస్తకంలో కుడివైపు పేజీల్లో మాటలు రాస్తాను, ఎడమవైపు పేజీల్లో బాల్‌పెన్నుతో బొమ్మలు వేస్తాను. థీసిస్‌కి వాటితో పనిలేదు. ఏ గైడూ అడగలేదు, ఏ ఫెలోషిప్పూ ఇవ్వలేదు. అవి నా సొంతం.

ఆ బొమ్మల గురించి చెప్పాలంటే ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు మా అమ్మ. ఇంకొకరు 1943లో ఇదే బెంగాల్‌లో ఊరూరా తిరిగి బొమ్మలు వేసిన చిత్తప్రసాద్.

ముందు అమ్మ గురించి చెబుతాను. ఆమె కూడా మిరప కోతకు వెళ్లే మనిషే. ఎం.ఏ. చదివే రోజుల్లో సెలవులకు ఇంటికెళ్లి, చేలో వంగి కాయలు కోస్తున్న అమ్మను దూరం నుంచి గీశాను. వంగిన నడుము, నెత్తికి చుట్టిన తువ్వాలు, పక్కన గోతం. గీత బాగా కుదిరిందనిపించింది. స్నేహితులకు ఫోన్లో పంపితే అందరూ మెచ్చుకున్నారు, ఒకరైతే "శ్రమ సౌందర్యం" అని రాశారు. సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మకు చూపించాను. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, పుస్తకం దీపం దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"బాగానే ఏశావు. మరి ఇది నేనని ఎట్టా తెలుసుద్ది? వంగుంటే మా ముఠాలో అందరి నడుమూ ఇట్టాగే ఉంటది. నా మొకం ఏదీ?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నాకు కావలసింది అమ్మ కాదు, వంగిన ఒక నడుము. ఆ సంగతి ఆమె ఒక్క చూపులో కనిపెట్టేసింది. ఆ తర్వాత దాదాపు సంవత్సరం నేను బొమ్మలు వెయ్యలేదు.

పీహెచ్‌డీకి కోల్‌కతా వచ్చాక ఇక్కడి ఒక లైబ్రరీలో ఒక పుస్తకం చేతికొచ్చింది. పేరు 'హంగ్రీ బెంగాల్'. చిన్న పుస్తకం. 1943 నవంబరులో మిదనాపూర్ జిల్లాలో తిరిగి చిత్తప్రసాద్ రాసిన మాటలు, నల్లసిరాతో వేసిన బొమ్మలు అందులో ఉన్నాయి. అప్పట్లో 5000 కాపీలు అచ్చేస్తే బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని నాశనం చేసింది. ఆయన కుటుంబం దగ్గర మిగిలిన ఒక కాపీ నుంచి 2011లో మళ్లీ యథాతథంగా అచ్చయింది. నేను చూసింది ఆ ప్రతినే.

ఆ కరువు గురించి ఇక్కడున్నవాళ్లలో చాలామంది చదివే ఉంటారు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘమే సుమారు 15 లక్షల మంది చనిపోయారని 1945లో చెప్పింది. తర్వాతి పరిశోధకుల లెక్కలు 30 లక్షల దాకా వెళ్లాయి. మిదనాపూర్ మీద అప్పటికే పెద్ద దెబ్బ పడింది. 1942 అక్టోబరులో తుఫాను, ఉప్పెన కలిసి తీరాన్ని ఊడ్చేశాయి. అదే ఏడాది, జపాన్ సైన్యం వస్తే పనికొస్తాయన్న భయంతో, పదిమందికి మించి పట్టే పడవలను ప్రభుత్వం తీరప్రాంతంలో లేకుండా చేసింది. పడవ పోతే చేపల వేట పోతుంది, సరుకు రవాణా పోతుంది, నదికి అవతల ఉన్న పొలానికి దారి పోతుంది. ఆ తర్వాత బియ్యం ధర కూలివాడి చేతికి అందకుండా పోయింది.

ఆ పుస్తకంలో ఒక బొమ్మ దగ్గర నేను ఆగిపోయాను. నేల మీద ఒక శవం. జంతువులు దాన్ని పీక్కు తింటున్నాయి. చూడటానికే కష్టంగా ఉంటుంది. ఆ బొమ్మకు ఆయన పెట్టిన పేరు 'కరువు' కాదు, 'ఆకలి' కాదు. అతని పేరు క్షేత్రమోహన్ నాయక్ అని చెప్పాడు. మొహం గుర్తుపట్టే స్థితిలో లేని మనిషికి పేరు మిగిల్చాడు.

నాకు వెంటనే అమ్మ మాట గుర్తొచ్చింది. ఇది నేనని ఎట్టా తెలుసుద్ది?

అదే కరువును కలకత్తా ఫుట్‌పాత్‌ల మీద జైనుల్ ఆబెదీన్ గీశాడు. చవక ప్యాకింగ్ కాగితం మీద, నల్లసిరాతో, పొడికుంచెతో. ఎముకలగూడులాంటి తల్లులు, చెత్తకుండీ దగ్గర పిల్లలు, కాకులు, కుక్కలు. భారత ఉపఖండపు కళలో అంత తక్కువ గీతల్లో అంత భయం చూపించినవి అరుదు. కానీ ఆ మనుషుల పేర్లు మనకు తెలియవు. అది ఆబెదీన్ తప్పని నేననను. పట్నం ఫుట్‌పాత్ దాకా వచ్చిన మనిషి అప్పటికే ఊరిని, ఇంటిని, తనను పేరుతో పిలిచేవాళ్లను పోగొట్టుకుని వచ్చాడు. చిత్తప్రసాద్ ఊళ్లకు వెళ్లాడు. అక్కడ పేరు చెప్పేవాళ్లు ఇంకా మిగిలి ఉన్నారు. ఎక్కడ నిలబడి గీస్తామన్నదాన్ని బట్టే ఏం గీయగలం, కింద ఏం రాయగలం అన్నది తేలిపోతుంది. ప్రాసెస్ అని మనం అంటున్నదానిలో మొదటి మెట్టు నాకు ఇదే. పెన్ను తీయకముందే నడవాలి, అడగాలి.

ఇక్కడ చిత్తప్రసాద్ సొంత పేరు గురించి ఒక మాట చెప్పాలి. ఆయన 1915లో కలకత్తాకు దగ్గరలోని నైహాటిలో పుట్టాడు. ఇంటిపేరు భట్టాచార్య. ఆయన దాన్ని వదిలేసుకుని చిత్తప్రసాద్ అనే ఒక్క పేరుతోనే సంతకం చేశాడు. బ్రాహ్మణ్యాన్ని వద్దనుకున్న మనిషి. ఆ నిజాయితీని నేను తక్కువ చేయను. ఆస్తి, హోదా, గ్యాలరీ వైపు చూడకుండా చివరిదాకా బీదగానే బతికాడు. 1978లో ఈ ఊళ్లోనే చనిపోయాడు.

అయినా ఆ పేజీల ముందు కూర్చున్నప్పుడు నాకు ఒక తేడా తగిలింది. ఆయనకు విడుదల అంటే పేరులో సగం వదులుకోవడం. మనవాళ్లకు పేరు సగమే ఉండేది. మా ఊళ్లో మా అమ్మమ్మ తరాన్ని ఆసాముల ఇళ్లలో ఎలా పిలిచేవాళ్లో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. వాళ్ల ఆడవాళ్లు సుబ్బమ్మ, వెంకమ్మ, పుల్లమ్మ. మన ఆడవాళ్లు సుబ్బి, ఎంకి, పుల్లి. చివర ఉండాల్సిన 'అమ్మ'ను కోసేసేవాళ్లు. మగవాళ్లదీ అంతే. 'అయ్య' పోయి 'గాడు' వచ్చేది. రిజిస్టర్లలోనూ, కూలి చీటీల్లోనూ ఆ కోసిన పేరే ఎక్కేది. వదులుకోవడానికి ముందు మనకు పూర్తి పేరంటూ ఉండాలి కదా. అందుకే ఒక కూలీ బొమ్మ కింద 'అమ్మ'తో సహా పేరు రాయడం నాకు అలంకారం కాదు. కోసేసినదాన్ని తిరిగి అతికించడం.

ఇంకో తేడా కూడా ఉంది. ఆ కరువులో ఎవరు ఎక్కువగా నాశనమయ్యారు? అమర్త్య సేన్ 1981లో వచ్చిన తన పుస్తకంలో వృత్తులవారీగా లెక్క చూశాడు. వ్యవసాయ కూలీలు, చేపలు పట్టేవాళ్లు, రవాణా పనివాళ్లు అందరికన్నా ఎక్కువగా దెబ్బతిన్నారని తేల్చాడు. సొంత భూమి ఉన్న రైతు పరిస్థితి వాళ్లకన్నా మెరుగు. సేన్ వాటిని వృత్తులన్నాడు. మనం చదివితే అవి కులాలుగా కూడా కనపడతాయి. బెంగాల్‌లో చేపల వల ఎవరి చేతిలో ఉంటుంది? పడవ తెడ్డు ఎవరి చేతిలో ఉంటుంది? భూమి లేకుండా ఇంకొకరి పొలంలో నాట్లు వేసేది ఎవరు? నామశూద్రులు, బాగ్దీలు, మాలోలు, బీద ముస్లింలు. 'మాలో' అంటే మన మాలలు కారు, ఇక్కడి జాలరి కులం. 'తితాష్ ఏక్టి నదీర్ నామ్' రాసిన అద్వైత మల్లబర్మన్ ఆ కులంవాడే. కమ్యూనిస్టు పత్రికలు ఆ మరణాలను 'ప్రజల' మరణాలు అన్నాయి. చిత్తప్రసాద్ ఒక్కొక్కరి పేరు రాసి ఆ 'ప్రజలు' అనే మాటను కొంత చీల్చాడు. చీలిక కింద ఉన్న కులాన్ని చదవాల్సిన పని మనది.

ఇక్కడ నన్ను నేను కూడా ప్రశ్నించుకోవాలి. క్షేత్రమోహన్ నాయక్‌ను ఎవరూ అడగలేదు. నీ శవాన్ని గీయవచ్చా, నీ పేరు రాయవచ్చా అని అడగడానికి అతను లేడు. కరువు రోజుల్లో ఆ బొమ్మ లోకానికి వెళ్లడం అవసరమే. కానీ నేను గీసేవాళ్లు బతికి ఉన్నారు. జవాబు చెప్పగలరు. కాబట్టి నేను అడగకుండా ఉండటానికి సాకు లేదు.

ఇప్పుడు నేను బొమ్మ ఎలా వేస్తానో చెబుతాను.

చేలో పని జరుగుతుంటే గీయను. వాళ్లు పనిలో ఉంటే నేనూ కాయలు కోస్తాను, లేదంటే నోరు మూసుకుని కూర్చుంటాను. సాయంత్రం, లేదా పని లేని రోజున, "నీ బొమ్మ వెయ్యనా?" అని అడుగుతాను. ఒప్పుకుంటే ఎక్కడ కూర్చోవాలో, ఏం కట్టుకోవాలో, ఎటు చూడాలో వాళ్లే చెబుతారు. మొదట అమ్మనే అడిగాను. ఆమె పెట్టె తీసి దాచుకున్న పట్టుచీర కట్టుకుంది. పక్కింట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుంది. కాళ్లు నేలకు ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుని, నా కళ్లలోకి సూటిగా చూసింది. నవ్వలేదు. అంతకుముందు నేను గీసిన వంగిన నడుము కన్నా ఈ బొమ్మలో గీతలు తప్పులు. కుర్చీ ఒక పక్కకు ఒరిగిపోయింది. కానీ ఊళ్లో ఎవరికి చూపించినా "మీ అమ్మే" అన్నారు.

బొమ్మ పూర్తయ్యాక కింద ఏం రాయాలో అడుగుతాను. కొందరు పేరు చెబుతారు. కొందరు పేరుతోపాటు ఊరు, పిల్లల పేర్లు కూడా రాయమంటారు. ఒకామె తన పేరు ముందు 'శ్రీమతి' పెట్టమంది. పెట్టాను. ఇంకొకామె వద్దంది. ఆమె మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, పని మధ్యలో వదిలి వచ్చిన మనిషి. పేరు ఎక్కడ కనపడినా ఇబ్బందే. "బొమ్మ ఉంచుకో, పేరు వద్దు" అంది. ఆ బొమ్మ కింద ఒక గీత మాత్రం గీసి ఖాళీగా వదిలేశాను. పేరు రాయడం గౌరవమని నేను నేర్చుకున్నాను. రాయకుండా ఉండటం కూడా గౌరవమే అని ఆమె నేర్పింది. రీసెర్చ్‌లో కన్సెంట్ ఫారం మీద వేలిముద్ర వేయించుకుంటాం కదా, ఆ కాగితం నాకు ఇంత నేర్పలేదు.

అమ్మ పేరు మీకు ఇప్పటిదాకా చెప్పలేదని గమనించారేమో. ఫోన్ చేసి అడిగాను. "బొమ్మ కింద రాయి, మైకులో చెప్పొద్దు" అంది. అంతే.

పుస్తకంలో వేసిన బొమ్మల్లో కొన్నింటిని లినోకట్‌గా చెక్కుతాను. ఇదీ చిత్తప్రసాద్ వల్లే. ఆయన తర్వాతి కాలంలో ఎక్కువగా లినోకట్‌లు చేశాడు. పనిలో మగ్గిపోయే పిల్లల మీద ఆయన చేసిన వరుసను డెన్మార్క్ యునిసెఫ్ కమిటీ 1969లో పుస్తకంగా వేసింది. లినో అంటే మెత్తని షీటు. ధర్మతల్లా దుకాణాల్లో దొరుకుతుంది. ఉలితో చెక్కిన చోట తెల్లగా, వదిలిన చోట నల్లగా అచ్చు పడుతుంది. యంత్రం లేకపోయినా, పైన కాగితం పరిచి గరిటె వీపుతో రుద్దితే చాలు. మా హాస్టల్ గరిటె ఒకటి దానికే అంకితమైపోయింది. ఒకే బొమ్మను ఎన్ని కాపీలైనా తీయవచ్చు. ఒక కాపీ బొమ్మలోని మనిషికి, ఒకటి నాకు, మిగిలినవి అడిగినవాళ్లకు.

అయితే లినోలో అన్నీ తిరగేసి చెక్కాలి. మొహం తిరగబడితే పెద్దగా తెలియదు, అక్షరం తిరగబడితే తెలిసిపోతుంది. మొదటిసారి అమ్మ పేరు మామూలుగా చెక్కేశాను. కాగితం మీద అది అద్దంలో చూసినట్టు పడింది. ఆ ముక్క పారేసి, ట్రేసింగ్ పేపర్ వెనక్కి తిప్పి, మళ్లీ చెక్కాను. 'మ్మ' దగ్గర ఉలి రెండుసార్లు జారింది. ఆ ఒక్క అక్షరానికి ఒక మధ్యాహ్నం పట్టింది. పిలిచేవాళ్లు ఒక్క క్షణంలో కోసేసిన అక్షరమే అది.

రెండేళ్ల కిందట ఒక నగరంలో వలస కూలీల మీద ప్రదర్శన పెడుతున్నవాళ్లు నా బొమ్మలు అడిగారు. డబ్బు కూడా ఇస్తామన్నారు. నా ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి రాని రోజులవి. ఆరు బొమ్మలు పంపాను. జవాబు వచ్చింది. "వీళ్లంతా ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టున్నారు, కష్టం కనపడటం లేదు. ఎండలో పని చేస్తున్నవి, కారానికి కాలిన చేతులు, అలాంటివి ఉంటే పంపండి" అన్నారు.

అలాంటిది ఒకటి నా దగ్గర ఉంది. మా పిన్ని వరసయ్యే ఆమె చేతులు. మిరప ఘాటుకు వేళ్లన్నీ ఎర్రగా పొక్కి ఉంటే, "ఇయ్యి కూడా ఎయ్యి" అని ఆమే చాపింది. పంపాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్నాను. చివరికి ఆమెకే ఫోన్ చేశాను. "చేతులు మండినయ్యే బిడ్డా, అబద్ధమేం లేదు. అయితే చేతులొకటే పంపమాక. నన్ను కూడా పంపు" అంది. చేతుల బొమ్మనూ, కుర్చీలో కూర్చున్న ఆమె బొమ్మనూ జతగా పంపాను. రెండూ పక్కపక్కన పెడితేనే పెట్టండి, లేకపోతే వద్దు అని రాశాను. తర్వాత జవాబు రాలేదు. ఆ ప్రదర్శన జరిగింది. నా బొమ్మలు నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

ఆ డబ్బు పోయినందుకు బాధపడ్డాను, అబద్ధం చెప్పను. కానీ ఒక సంగతి అర్థమైంది. మన బాధకు గోడ మీద చోటు దొరుకుతుంది. మనం కుర్చీలో కూర్చుని సూటిగా చూస్తే ఆ చోటు ఇరుకైపోతుంది.

ఇది పల్లెటూరి ఆడకూలీల సంగతే కాదు. బాబాసాహెబ్‌కే తప్పలేదు. మన తెలుగువాడు, విజయవాడ నుంచి వచ్చిన కార్టూనిస్టు ఉన్నమతి శ్యామసుందర్ 1932 నుంచి 1956 దాకా ఇంగ్లీషు పత్రికల్లో అంబేద్కర్ మీద వచ్చిన కార్టూన్లను వెతికి తీసి 2019లో 'నో లాఫింగ్ మ్యాటర్' పుస్తకం తెచ్చాడు. దేశంలో అంత చదువుకున్న మనిషిని ఆ కార్టూనిస్టులు ఎంత చిన్నగా, ఎంత హేళనగా గీశారో అందులో వరసగా చూడవచ్చు. అక్కడ పేరు ఉంది, మొహమూ ఉంది. గౌరవం లేదు. కాబట్టి పేరు రాసినంత మాత్రాన పని అయిపోదు. పెన్ను ఎవరి చేతిలో ఉంది, వాళ్లు ఎదుటి మనిషిని ఏ ఎత్తు నుంచి చూస్తున్నారు అన్నది కూడా అడగాలి. శ్యామసుందర్ తనే బొమ్మలు గీస్తాడు, తనే పరిశోధన చేస్తాడు. ఈ రెండూ వేరువేరు పనులు కావని నాకు ధైర్యం ఇచ్చినవాళ్లలో ఆయన ఒకరు.

చివరగా ఈ నేల గురించి ఒక మాట. 1943 బొమ్మల్లో బెంగాల్ అణగారిన జనం చచ్చిపోతూ కనపడతారు. అది నిజం. కానీ మూడేళ్లు తిరిగేసరికి, 1946లో, రాజ్యాంగ సభలోకి బాబాసాహెబ్‌కు దారి దొరికింది ఈ బెంగాల్ నుంచే. జోగేంద్రనాథ్ మండల్, ఆయనతో నిలబడిన షెడ్యూల్డ్ కులాల శాసనసభ్యులు ఓట్లు వేసి పంపారు. మండల్ నామశూద్రుడు. కరువు ఎవరిని ఎక్కువగా తిన్నదో ఆ జనంలోంచి వచ్చినవాళ్లే ఆ పని చేశారు. ఆ ఓటు వేసిన చేతులను ఏ చిత్రకారుడైనా అంత శ్రద్ధగా గీసి ఉంటే చూడాలని నాకు ఆశ. ఆకలితో చాచిన చెయ్యి, ఓటు వేసిన చెయ్యి, రెండూ పక్కపక్కనే ఉండాలి. మా పిన్ని అడిగింది కూడా అదే కదా.

మీలో చాలామంది ఫీల్డ్‌కు వెళ్తారు. ఫోన్లో ఫొటోలు తీస్తారు, థీసిస్‌లో వేస్తారు. కింద 'ఒక వ్యవసాయ కూలీ', 'ఒక దళిత మహిళ' అని రాసేముందు ఒక్కసారి ఆగి, ఆమెనే అడగండి. పేరు చెబితే పూర్తిగా రాయండి. వద్దంటే ఆ గీత ఖాళీగా వదిలేయండి. తిరిగి వెళ్లేటప్పుడు ఆమెకు ఒక కాపీ ఇవ్వండి.

మా అమ్మ బొమ్మ ఇప్పుడు మా ఇంట్లో, గోడ మీద, బాబాసాహెబ్ పటం పక్కన ఉంది. కుర్చీ ఇంకా ఒరిగే ఉంది. ఇంటికొచ్చిన చుట్టాలకు ఆమె ముందు కింద ఉన్న అక్షరాలు చూపిస్తుందట, ఆ తర్వాతే బొమ్మ.

జై భీమ్.